బొట్టుబిళ్లలు పెట్టి సర్దిన వంటిల్లు

విజయవాడ పటమటలో 1998లో కట్టిన అపార్ట్‌మెంటు. రెండో అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాటు. వంటగది తూర్పు పడమరలు 8 అడుగుల 6 అంగుళాలు, ఉత్తర దక్షిణాలు 7 అడుగులు. దాన్ని ఆనుకుని 9 అడుగులు, 8 అడుగుల డైనింగు. ప్లానులో డైనింగ్ రూమ్ అని రాసుంది గానీ అది హాలుకీ వంటింటికీ పడగ్గదికీ మధ్య నడిచే దారి. మూడు గుమ్మాలు, ఒక వాష్‌బేసిన్, ఫ్రిజ్, వీటి మధ్యలో ఆరుగురు కూర్చునే టేకు బల్ల. ఎవరైనా కుర్చీ వెనక్కి జరిపితే పడగ్గది తలుపు తెరుచుకోదు.

ఇంటాయన రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన భార్యని నేను పిన్నిగారు అంటాను. కొడుకూ కోడలూ హైదరాబాద్‌లో ఉంటారు. 2025 శ్రావణంలో కూతురి పెళ్లి. పెళ్లివారు వచ్చేలోగా వంటిల్లూ డైనింగూ కాస్త చూడబుద్ధయ్యేలా చేయించాలని ఫిబ్రవరిలో నాకు ఫోన్ చేశారు. మూడున్నర లక్షలు దాటితే ఒక్క రూపాయి కూడా లేదని మాస్టారు గుమ్మంలోనే చెప్పేశారు. ఈ ఊళ్లో పద్నాలుగేళ్లుగా ఇంటీరియర్ పనులు చేస్తున్నాను. గుమ్మంలో ఇలా చెప్పే వాళ్లతోనే నాకు పని తేలిక. లోపలికెళ్లాక చెప్పే వాళ్లతోనే టెన్షన్.

పిన్నిగారు ఫోన్‌లో ఒక వీడియో ఆపి చూపించారు. అంతా తెల్లగా, నిగనిగలాడుతూ, ఎక్కడా హ్యాండిల్ లేని వంటగది. గట్టు మీద ఒక పూలకుండీ, గాజు సీసాలో నాలుగు నిమ్మకాయలు.

“ఇలా కావాలమ్మాయ్.”

“ఇందులో మిక్సీ ఎక్కడుంది పిన్నిగారూ?”

ఆవిడ బొమ్మ పెద్దది చేసి చూశారు. మిక్సీ లేదు. కుక్కర్ లేదు. పోపుల పెట్టె లేదు. “వాళ్లు వండుకోరేమోలే” అన్నారు మాస్టారు, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఆ ఇంటి గట్టు మీద ఆ రోజు ఉన్నవి నేను రాసుకున్నాను. గ్యాస్ స్టవ్, మిక్సీ, దాని మూడు జార్లు, వెట్ గ్రైండర్, రెండు కుక్కర్లు, నూనె క్యాన్, పోపుల పెట్టె, ఉప్పు జాడీ, తాగేనీళ్ల ఫిల్టరు, కడిగిన గిన్నెల బుట్ట, ఒక దేవుడి క్యాలెండరు. ఏడడుగుల గట్టులో కూర తరుక్కోవడానికి మిగిలింది రెండు జానలు. ఇలాంటి గదికి రంగులూ లైట్లూ తర్వాతి మాట. ముందు సామాను సంగతి తేలాలి. కానీ ఆ మాట ఇంటావిడతో అంటే, “నా దగ్గర అనవసరమైనది ఒక్కటీ లేదు” అని గిన్నె గిన్నెకీ చరిత్ర చెబుతారు. నేను చాలా ఇళ్లలో ఆ చరిత్రలు విని ఓడిపోయాను.

అందుకే కొన్నాళ్లుగా ఒక పద్ధతి పెట్టుకున్నాను. పిన్నిగారికి బొట్టుబిళ్లల ప్యాకెట్లు నాలుగు ఇచ్చాను. ఏ గిన్నె, ఏ డబ్బా, ఏ గరిటె వాడితే దానికి ఒక బిళ్ల అంటించాలి. ఒకసారి అంటించాక మళ్లీ అక్కర్లేదు. మూడు వారాలు ఇదే పని. తీసెయ్యమనీ దాచమనీ నేనేమీ అనను.

మూడు వారాల తర్వాత వెళ్లి అన్నీ హాల్లో దుప్పటి మీద పేర్చాం. మొత్తం 214. బొట్టు పడ్డవి 83. అందులో కూడా రెండు మూడు అబద్ధపు బొట్లు ఉన్నాయని ఆవిడే ఒప్పుకున్నారు. వాళ్లమ్మగారిచ్చిన కంచు గిన్నెకు వాడకపోయినా ఒకటి పెట్టేశారట. “పెట్టబుద్ధయింది” అన్నారు. బొట్టు లేనివాటిలో పెళ్లిళ్లలో వచ్చిన డిన్నర్ సెట్లు మూడు, ఒకే సైజు స్టీలు డబ్బాలు పందొమ్మిది, ఎవరూ వాడని శాండ్‌విచ్ టోస్టరు ఒకటి. ఏదీ పారెయ్యలేదు. పండక్కి కావలసినవి సజ్జ మీదికి వెళ్లాయి. కొన్ని కోడలు తీసుకుంది. డిన్నర్ సెట్లలో రెండు మళ్లీ పెళ్లిళ్లలోకే వెళ్లాయని తర్వాత తెలిసింది.

నేను ప్లాను గీత మొదలుపెట్టింది ఆ 83 వస్తువులతో. రోజూ వాడేవి గట్టు మీదో, నడుము నుంచి కళ్ల ఎత్తు లోపలో ఉండాలి. అలా లెక్కేసి చూస్తే ఆ గదికి పై అరలు ఒక గోడకి చాలు. మామూలుగా ఇలాంటి వంటగదికి రెండు గోడలా సజ్జ దాకా అల్మరాలు దిగేస్తారు, గది పెట్టెలా తయారవుతుంది. ఉత్తరం గోడ ఖాళీగా వదిలేశాను. అక్కడ వాష్ ఏరియాలోకి తెరుచుకునే కిటికీ ఉంది. ఇన్నాళ్లూ ఊరగాయ జాడీల వెనక దాక్కుంది పాపం.

ఇక్కడే ఒక తప్పు చేశాను. బొట్టు ఉన్నవాటిలో కత్తిపీట కూడా ఉంది. “ఇకనుంచి గట్టు మీద చాకుతో తరుక్కోండి పిన్నిగారూ, మోకాళ్లకీ మంచిది” అన్నాను. ఆవిడ సరేనన్నారు. నా గీతలో కత్తిపీటకి చోటు పెట్టలేదు.

*

ఇక గట్టు ఎత్తు. ఈ ఒక్క విషయం మీద కాస్త ఎక్కువే రాస్తాను. ఎందుకంటే దీని గురించి అడిగేవాళ్లు లేరు, బాధపడేవాళ్లు మాత్రం ఇంటికొకరు.

ఆ గట్టు నేల నుంచి 34 అంగుళాలు. మన దగ్గర దాదాపు అందరూ కట్టే ఎత్తే. పిన్నిగారి ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. ఆవిడ నిలబడి చెయ్యి మడిస్తే మోచెయ్యి 36 అంగుళాల దగ్గరుంది. గట్టు 34, దాని మీద స్టవ్ నాలుగున్నర, దాని మీద మూకుడు ఇంకో నాలుగు. అంటే మూకుడు అంచు 42 దాటింది. పులిహోర కలిపినంతసేపూ ఆవిడ భుజం చెవి దాకా లేపి కలుపుతున్నారు. ఎన్నేళ్లుగానో ఆవిడ మెడనొప్పికి మందు వేసుకుంటున్నారు. నేను డాక్టర్ని కాను, ఆ నొప్పి దీనివల్లే అనను. కానీ ఆ భుజాన్ని కళ్లారా చూశాను.

గట్టుని ప్రయోగానికి దించలేం కదా. ఆవిడనే పైకి లేపాం. స్టవ్ ముందు రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవున్న ప్లై చెక్క ఒకటి, కదలకుండా కింద మేకులు కొట్టి వేశాను. మొదటి రోజు రెండంగుళాలు. రెండో రోజు మూడు. మూడో రోజు నాలుగు. నాలుగో రోజు ఐదు. సాయంత్రం ఫోన్ చేస్తే ఆవిడ చెప్పిన రిపోర్టు ఇది: “రెండప్పుడు తేడా తెలీలేదు. మూడు బాగుంది. నాలుగు చాలా బాగుంది. ఐదు పెడితే నడుం వంచాల్సి వస్తోంది.” ఏ కొలతల పుస్తకమూ ఇంత సూటిగా చెప్పదు.

కాబట్టి స్టవ్ దగ్గర 30 అంగుళాలు. మరి మిగతా గట్టు? కోడలు 5 అడుగుల 5 అంగుళాలు. వచ్చినప్పుడల్లా గిన్నెలు కడిగేది ఆ అమ్మాయి. సింకు అడుగు గట్టుకన్నా 8 అంగుళాలు కిందికి ఉంటుంది కాబట్టి చేతులు ఎటూ కిందికే వెళ్తాయి. అక్కడ ఎత్తు తగ్గిస్తే ఆమె నడుం పోతుంది. “వంట అత్తయ్యది, గిన్నెలు నావి. ఎవరి ఎత్తు వాళ్లకి పెట్టేయండి” అంది. అదే చేశాం. ఆగ్నేయం మూలనుంచి మూడడుగులు, అంటే స్టవ్ ఉన్న భాగం మాత్రం దించి, మిగతాది 34 దగ్గరే ఉంచాం.

గట్టు ఒకే మట్టంలో లేకపోతే వాస్తు ఒప్పుకోదని పెద్దాయన ఒకరు, పిన్నిగారి అన్నగారు, అడ్డుపడ్డారు. “స్టవ్ ఆగ్నేయంలోనే ఉందిగా బావా, చెల్లెలు తూర్పు మొహం పెట్టే వండుతుందిగా. మూకుడు ఎత్తు గురించి శాస్త్రం ఏమన్నా చెప్పిందా?” అన్నారు మాస్టారు. ఆయన కాఫీ తాగి ఊరుకున్నారు.

పని పెద్దదేం కాదు. కొత్త రాయి కొనలేదు. పాత నల్ల గ్రానైటునీ, దాని కింద ఉన్న కడప బండనీ మూడడుగుల దగ్గర నీళ్లు పోస్తూ మెషీన్‌తో కోసి, బండ ఎత్తి పక్కన పెట్టి, కింది ఆధారాలు నాలుగంగుళాలు తగ్గించి, అదే బండ, అదే గ్రానైటు మళ్లీ దించాం. మెట్టు వచ్చిన చోట అంచు పాలిష్ పట్టిన నాలుగంగుళాల గ్రానైటు పట్టీ. ఇద్దరు తాపీ మేస్త్రిలకి రెండు రోజులు.

నాకు లెక్కలో తప్పింది వేరే. గట్టు దిగాక గోడ టైల్సుకీ గట్టుకీ మధ్య నాలుగంగుళాల ఇటుక బయటపడింది. 27 ఏళ్ల నాటి టైల్సు, అవి ఇప్పుడెక్కడ దొరుకుతాయి? ఆ గోడ మొత్తం టైల్సు మార్చాల్సి వచ్చింది. ఒక గోడ మార్చాక రెండోది పాతది ఉంచలేం. ఆ నాలుగంగుళాలు నా ఎస్టిమేట్‌లో లేవు.

సిలిండరు ఎక్కడ పెట్టాలన్నది కూడా ఈ ఎత్తుతోనే ముడిపడింది. 14.2 కిలోల సిలిండరు రెండడుగుల పైచిలుకు ఉంటుంది. పైన రెగ్యులేటరు, కింద చక్రాల స్టాండు. దించిన భాగం కింద అది ఇరుకవుతుంది, రెగ్యులేటరు తిప్పడానికి చెయ్యి పట్టదు. అందుకని దాన్ని పక్కనున్న 34 అంగుళాల భాగం కిందికి జరిపాను. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందికే దిగుతుంది. ఆ అరకి అడుగు చెక్క వెయ్యకుండా, తలుపు కింది భాగంలో గాలి ఆడే పలకలు పెట్టించాను. రబ్బరు ట్యూబు మీటరున్నరకి మించకుండా, గోడలోంచి పోకుండా చూసుకున్నాం. సిలిండరుని వాష్ ఏరియాలో పెట్టి గోడకి కన్నం వేసి ట్యూబు లాగెయ్యమని చెప్పే వడ్రంగులు చాలామంది ఉంటారు. వినకండి.

*

చెక్క గురించి క్లుప్తంగా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు, పార్టికల్ బోర్డుతో చేసిన వంటగదులు నీళ్లలో నానిన బిస్కెట్లలా ఉబ్బి విచ్చిపోవడం నేను వరసగా చూశాను. మాస్టారి చుట్టాలిల్లు కూడా అందులో ఒకటి. వీళ్లది రెండో అంతస్తు, వరద రాదు. కానీ సింకు కింద పైపు లీకైతే అదీ వరదే. కింది అరలన్నిటికీ ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లై, అంటే నీళ్లకి బాగా తట్టుకునే రకం. పై అరలకి ఐఎస్ 303, మామూలు వాడకం రకం. ఆ 710 రకం ప్రమాణం ప్రకారం 72 గంటలు మరిగే నీళ్లలో పొరలు వీడకుండా ఉండాలి. నాకు అంత ఓపిక లేదు. షీటు మూల చిన్న ముక్క కోసి పాత కుక్కర్లో నాలుగు గంటలు ఉడికిస్తాను. వీడిపోయిందంటే లారీ వెనక్కి. అరల కింద నాలుగంగుళాల పీవీసీ కాళ్లు, తుడుపుకర్ర లోపలికి వెళ్లేలా.

తెలుపు వద్దని పిన్నిగారిని ఒప్పించడానికి నేను మాట్లాడలేదు. తెల్లటి నిగనిగల ల్యామినేట్ ముక్క ఒకటి, తమలపాకు పచ్చ మ్యాట్ ముక్క ఒకటి ఇచ్చి వారం రోజులు స్టవ్ పక్కన పెట్టుకోమన్నాను. వారం తర్వాత తెల్లదాని మీద పసుపు వేళ్లు, నూనె చుక్కలు. పచ్చదాని మీదా ఉన్నాయి, కానీ కనబడాలంటే వెతకాలి. కింది తలుపులు తమలపాకు పచ్చ, పైవి మజ్జిగ రంగు. హ్యాండిల్స్ మాత్రం బయటికే. హ్యాండిల్ లేని తలుపులకి వేళ్లు దూర్చే గాడి ఉంటుంది చూడండి, మన వంటింట్లో అది దోసెల పిండి దాచుకునే చోటు.

టైల్సు రెండడుగులు, అడుగు సైజువి తీసుకున్నాం. సందులు తక్కువ. స్టవ్ వెనక సందులకి మరక పీల్చని ఎపాక్సీ ముద్ద నింపించాను. సింకు వైపు డబ్బు మిగులుతుందని మామూలు సిమెంటు గ్రౌటు, అదీ తెల్లది, వేయించాను. పసుపు చెయ్యి కడిగేది సింకు దగ్గరే అన్న ఆలోచన నాకు తట్టలేదు. మూడు నెలల్లో ఆ గీతలన్నీ పసుపుతాళ్లలా తయారయ్యాయి. గీకి మళ్లీ ఎపాక్సీ నింపాం. ఆ ఖర్చు నాది.

*

డైనింగులో గొడవంతా బల్లదే. అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అంగుళంపావు మందం ఉన్న టేకు. 1999లో టింబర్ డిపోలో మాస్టారు స్వయంగా చెక్క ఏరి చేయించారు. అమ్మేద్దామని పాత ఫర్నిచర్ వాళ్లని పిలిస్తే ఆరు వేలన్నారు. మాస్టారు వాళ్లకి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపేశారు. ఉంచితే నడవడానికి లేదు. కొయ్యమంటే ఆయన మొహం చూడలేకపోయాను.

రెండు రోజుల తర్వాత ఆయనే ఒక కాగితం పట్టుకొచ్చారు. స్కేలు పెట్టి గీసిన బొమ్మ. “మొత్తం 15 చదరపు అడుగులు. ముందు పొడవులో అడుగు తీస్తే 3 బై 1 ముక్క వస్తుంది. మిగిలిన 4 బై 3లో తొమ్మిదంగుళాలు తీస్తే 4 అడుగుల పట్టీ. బల్ల 4 అడుగులు బై 27 అంగుళాలు అవుతుంది. 9 ప్లస్ 3 ప్లస్ 3, పదిహేను. ఏమీ పోలేదు.”

మా వడ్రంగి ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. “సార్, రంపం మందం?”

మాస్టారు ఒక్క క్షణం ఆగారు. “ఎంత?”

“మూడు మిల్లీలు. రెండు కోతలు.”

ఆయన జేబులోంచి పెన్ను తీసి కింద చిన్న అక్షరాలతో ఆ రెండు కోతలూ రాసుకున్నారు. అంతే, ఇక బల్ల కొయ్యడం ఆయన ప్రాజెక్టు అయిపోయింది. కోసే రోజు పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు.

అడుగు వెడల్పు ముక్క బెంచీ అయింది. కూర్చోడానికి అడుగు చాలదు, అందుకే ముందువైపు రెండంగుళాల టేకు రీపరు అతికించి వెడల్పు చేశాం. పాత కుర్చీల కాళ్లే దానికి కాళ్లు. తొమ్మిదంగుళాల పట్టీ గోడకి అర అయింది. దాని సంగతి తర్వాత.

బల్ల పొడవుని గోడకి ఆనించాం. బయటివైపు బెంచీ, రెండు కొనల్లో రెండు కుర్చీలు. తినడం అయ్యాక బెంచీ బల్ల కిందికి దూరిపోతుంది. గది లోతు 96 అంగుళాలు. బల్ల 27, మనిషి కూర్చుంటే ఇంకో 30. అయినా నడవడానికి మూడడుగుల పైన మిగిలింది. పడగ్గది తలుపు ఇప్పుడు పూర్తిగా తెరుచుకుంటుంది. మూడడుగుల బెంచీ మీద ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుంటే ఇరుకే, అది ఒప్పుకుంటాను. మనిషికి రెండడుగులు ఇవ్వాలన్నది లెక్క. “పండక్కి ఎనిమిది మంది వస్తే?” అని పిన్నిగారు అడిగారు. బల్లని గోడకి బిగించలేదు, గది మధ్యకి లాగితే రెండు వైపులా కూర్చోవచ్చు. మిగిలినవాళ్లు రెండో బంతికి. వాళ్లింట్లో ఆరుగురి బల్ల ఉన్న రోజుల్లో కూడా పండక్కి రెండు బంతులే లేచేవట.

గోడకి ఆనుకున్న బల్ల అంటే చేతులూ సాంబారూ గోడకి తగులుతాయి. కింది మూడడుగులు జాజు రంగు వేయించాను. మా అమ్మమ్మవాళ్ల ఊళ్లో గోడలకి కింద జాజు అలికి పైన సున్నం కొట్టేవాళ్లు. మురికి పట్టేచోట ఎరుపు, వెలుతురు కావలసినచోట తెలుపు. అందంతో పాటు తెలివి కూడా. అసలు జాజు చేతికంటుతుంది కాబట్టి అదే రంగు ఎనామెల్ కలిపించాం, మరక పడితే తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పైన మజ్జిగ తెలుపు. రెండు రంగులు కలిసే చోట రెండంగుళాల గీత వదిలేసి, పెయింటరుని ఒక సన్న కుంచె అడిగి తీసుకుని పిన్నిగారి చేతిలో పెట్టాను. ఆవిడ మొదట వద్దన్నారు. తర్వాత చీర కొంగు బిగించి స్టూలు మీద కూర్చుని తొమ్మిదడుగుల గోడ పొడవునా తెల్లటి మెలికల ముగ్గు దించారు. మధ్యలో ఒకచోట, ఫోన్ మోగినప్పుడు, మెలిక కాస్త కిందికి జారింది. సరిచేస్తానంటే వద్దన్నాను. ఆ జారిన మెలిక చూస్తే ఇది ప్రింటు కాగితం కాదని తెలుస్తుంది.

ఫాల్స్ సీలింగు ఎంతడిగినా చెయ్యలేదు. తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున్న గదిలో అర అడుగు తినేస్తుంది, ఫ్యాను నెత్తి మీదికి వస్తుంది. మేలో విజయవాడలో ఉండేవాళ్లకి ఫ్యాను గాలి కన్నా అలంకారం లేదు.

ఇక ఇత్తడి. సజ్జ మీద గోనెసంచుల్లో 23 సామాన్లు బయటపడ్డాయి. గుండిగలు, మరచెంబులు, తప్పేళాలు, ఒక గంగాళం. చింతపండూ ఉప్పూ పెట్టి తోమితే ఒక్కొక్కటి దీపంలా తేలింది. పిన్నిగారికి వాటిని వంటగదిలో పెట్టాలని ఉంది. రెండు చెంబులు పది రోజులు స్టవ్ గోడ మీద పెట్టి చూశాం. పోపు పొగకి నూనె జిడ్డు, ఆ జిడ్డు మీద దుమ్ము. వంటగదిలో ఇత్తడి అంటే వారం వారం తోముడే. డైనింగులో అయితే మెల్లగా మసకబారుతుంది తప్ప జిడ్డు పట్టదు, పండక్కోసారి తోమితే చాలు. టేకు పట్టీని ఆరడుగుల ఎత్తులో బిగించి అయిదే అయిదు పెట్టాం. 23 పెడితే కొట్టు అవుతుంది. ఎత్తు ఆరడుగులు ఎందుకంటే, బల్ల లాగినప్పుడు గోడవైపు కూర్చున్నవాళ్లు లేస్తే తల తగలకూడదు. ఇంత ఆలోచించినదాన్ని, లైటు దగ్గర ఏమైపోయానో!

గాజు తలుపుల చిన్న అల్మరాకి ఏటికొప్పాక గుబ్బలు పెట్టాను. అంకుడు కర్ర, లక్క రంగు. వంటగది తలుపులకి కూడా అవే అడిగారు గానీ లక్క వేడికి మెత్తబడుతుంది, స్టవ్ దగ్గర పనికిరాదు. బెంచీ మీద పెడన కలంకారీ గుడ్డతో పల్చటి పరుపు. మొదటిసారి విడిగా ఉతకమని చెప్పాను, చెప్పినా మాస్టారి తెల్ల లుంగీ ఒకటి లేతగులాబీ అయింది.

లైట్లు. వంటగదిలో ఇన్నాళ్లూ గది మధ్యలో ట్యూబులైటు ఉండేది. గట్టు వైపు తిరిగి నిలబడితే మన నీడే తరిగే కూర మీద పడుతుంది. పై అర అడుగున 4000 కెల్విన్ తెల్లటి వెలుతురు లైటు స్ట్రిప్పు బిగించగానే పిన్నిగారు బియ్యంలో రాళ్లు కనిపిస్తున్నాయన్నారు. డైనింగుకి 3000 కెల్విన్ వెచ్చటి వెలుతురు, బల్లకి 30 అంగుళాల పైన వేలాడే ఒక ఇత్తడి దీపం. ఫోటోల్లో ఆ గదికి ప్రాణం అదే.

పెళ్లయింది. అందరూ మెచ్చుకున్నారు. 2026 సంక్రాంతికి కొత్త అల్లుడు వచ్చాడు. బల్లని మధ్యకి లాగారు, నేను చెప్పినట్టే. కానీ లైటు లాగితే రాదు కదా! అది గోడ పక్కన, నేలకి అయిదడుగుల ఎత్తులో, అలాగే వేలాడుతోంది. అల్లుడు గారు రెండోసారి బొబ్బట్లు వడ్డించుకుని గోడవైపు నుంచి లేచారు. మాస్టారు ఫోన్ చేసి, “దెబ్బ చిన్నదే. అల్లుడు పెద్దవాడు” అన్నారు. కనుమ నాడే ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకు వెళ్లాను. వైరు పొడిగించి, గది మధ్యలో స్లాబుకి రెండో కొక్కెం వేశాం. బల్ల ఎక్కడుంటే దీపం అక్కడికి. ఇకమీద జరిపే బల్ల మీద వేలాడే లైటు పెడితే రెండు కొక్కేలూ మొదటిరోజే వేయిస్తాను.

బిల్లు మాస్టారే పట్టిక వేసి ఇచ్చారు. చెక్కపని లక్షా 90 వేలు. హింజులూ డ్రాయర్లూ పుల్‌ఔట్లూ (బయటికి లాగే అరలు) 52 వేలు. టైల్సు 31, ఎలక్ట్రికల్ 22, చిమ్నీ 18, పెయింటు 16, గట్టు దించడానికి 14, బల్లా బెంచీ అరా 9. నా ఫీజు 32. మొత్తం 3,84,000. సింకు వైపు గ్రౌటు మళ్లీ వేసింది ఇందులో లేదు. “అనుకున్నదానికన్నా 9.7 శాతం ఎక్కువ. పది దాటలేదు కాబట్టి పాస్” అని చివర ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టారు.

ఫిబ్రవరిలో, పని మొదలుపెట్టి ఏడాదైందని, మళ్లీ బొట్టుబిళ్లలు ఇచ్చాను. ఈసారి గిన్నెలకి కాదు, నేను పెట్టించిన అమరికలకి. వారంలో ఏ డ్రాయరు, ఏ బుట్ట తెరిస్తే దానికి ఒకటి. ఫోటోలు వాట్సాప్‌లో వచ్చాయి. డ్రాయర్లన్నిటికీ పడ్డాయి. మెట్టు దగ్గర గ్రానైటు అంచుకి కూడా ఒకటి అంటించారు, మెడ గురించి అడిగితే నవ్వి ఊరుకున్నారు. ఒక్కదానికి మాత్రం లేదు. సింకు పక్కన ఎనిమిదంగుళాల వెడల్పుతో, సీసాల కోసమని నేను పట్టుబట్టి పెట్టించిన పుల్‌ఔట్. అందులో ప్లాస్టిక్ కవర్లు కుక్కి ఉన్నాయి.

మొన్న వెళ్లి చూస్తే ఆ పుల్‌ఔటే లేదు. వడ్రంగిని పిలిచి పీకించేశారు. ఆ ఎనిమిదంగుళాల ఖాళీలో, పక్కకి నిలబెట్టి, కత్తిపీట ఉంది.

“సరిగ్గా పట్టిందమ్మాయ్, కొలిచి చేయించినట్టు” అన్నారు పిన్నిగారు.